డబ్బాలు తర్వాత కొందురు గాని, ముందు అటక దించండి

మార్గశిరం వచ్చిందంటే మన విశాఖలో చీపుళ్లకి గిరాకీ. లక్ష్మీవారం పూజకి ఇల్లు కడగాలి, బురుజుపేట అమ్మవారి దర్శనానికని ఊళ్ల నుంచి చుట్టాలు దిగుతారు, ఆ వెనకే సంక్రాంతి. అందుకే కాబోలు, ఈసారి ఉత్తరాలన్నీ సామాను గురించే. నేను గృహాలంకరణ చదివినదాన్ని కాను. గాజువాక వైపు ఒక కార్ఖానాలో స్టోర్సు విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. బేరింగులు, గ్రీజు డబ్బాల మధ్య నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నాను. ఇంటికైనా స్టోర్సుకైనా సామాను సామానే.

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీలో రెండు పడగ్గదుల ఫ్లాటు. ఆన్‌లైన్‌లో చూసి మూతల డబ్బాలు, బుట్టలు, తలుపుకి తగిలించే సంచులు కొన్నాను. ఆదివారమంతా సర్దుతాను, గురువారానికి మళ్లీ మామూలే. డైనింగ్ టేబుల్ మీద కంచం పెట్టడానికి చోటుండదు. నాకు ఒళ్లు మండిపోతోంది. లోపం ఎక్కడుంది?
– గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: మీ ఓపికలో లోపం లేదమ్మా, వరస తిరగబడింది. జపాన్ కర్మాగారాల్లో పుట్టిన 'ఫైవ్ ఎస్' పద్ధతి ఒకటుంది. మన దగ్గర ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లు చాలామంది గోడ మీద ఆ పోస్టరు చూసే ఉంటారు. అందులో అయిదు మెట్లు. అక్కర్లేనిది తీసెయ్యడం, మిగిలినదానికి చోటివ్వడం, శుభ్రం చెయ్యడం, అందరూ ఒకే పద్ధతి పాటించడం, ఆ పద్ధతి జారిపోకుండా చూసుకోవడం. మీరు మొదటి మెట్టు వదిలేసి రెండోదాని మీద కాలుపెట్టారు. అక్కర్లేని వస్తువుకి కూడా డబ్బా కొనిపెట్టారు. ఇప్పుడు ఆ డబ్బాలు కూడా సామానులో చేరాయి.

ఇల్లంతా ఒక్కసారి పెట్టుకోకండి. వంటింట్లో ఒక్క సొరుగు లాగండి. గరిటెలు కాదు, ఆ కింది సొరుగు. ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది, దానికి పేరుండదు. నేలమీద పేపరు పరిచి మొత్తం బోర్లించండి. ఏమేం రాలతాయో నేను ఇక్కణ్ణుంచే చెబుతాను: పార్సిల్ భోజనంతో వచ్చిన సాస్ పొట్లాలు, ఎండకి ఒకదానికొకటి అతుక్కుపోయిన రబ్బరు బ్యాండ్లు, ఎప్పుడో ఇచ్చేసిన కుక్కరు తాలూకు గాస్కెట్టు, ఏ తాళానిదో తెలియని తాళంచెవి, సగం కాలిన పుట్టినరోజు కొవ్వొత్తులు, మొద్దుబారిన పీలర్లు, వాటి కింద పని చేసే పీలరు.

స్టోర్సులో మేం సరుకుని మూడు రకాలుగా చూసేవాళ్లం: ఫాస్ట్ మూవింగ్, స్లో మూవింగ్, నాన్ మూవింగ్. రోజూ కదిలేది, అప్పుడప్పుడూ కదిలేది, అసలు కదలనిది. మీరూ అలాగే మూడు కుప్పలు పొయ్యండి. 'ఇది బాగుందా' అని అడక్కండి, బాగానే ఉంటుంది. 'ఆఖరిసారి ఎప్పుడు తీశాం' అని అడగండి. రోజూ వాడేది నడుముకీ కళ్లకీ మధ్య ఎత్తులో ఉండాలి. వంగకుండా, స్టూలు ఎక్కకుండా అందాలి. బరువైనవి కింది అరలోకి. పండక్కి మాత్రమే తీసేవి పైకి. చాలా ఇళ్లలో రోజూ వాడే పోపులపెట్టె పక్కన ఏడాదికోసారి తీసే కేకు గిన్నె ఉంటుంది. ఇడ్లీ రేకులకి మాత్రం మోకాళ్ల మీద కూర్చోవాలి.

తేల్చుకోలేనివి ఎలాగూ మిగులుతాయి. వాటికి ఫ్యాక్టరీలో ఎర్ర చీటీ కట్టేవాళ్లం. మీరు ఒక అట్టపెట్టెలో వేసి, పైన ఇవాళ్టి తేదీ, మూడు నెలల తర్వాతి తేదీ రాసి మంచం కిందకి తోయండి. ఆ గడువులోగా ఎవరైనా ఫలానాది ఏదని అడిగితే తీసివ్వండి. ఎవరూ అడక్కపోతే పెట్టె విప్పకుండా పంపించెయ్యండి. విప్పారా, మళ్లీ మొదటికొస్తుంది.

ఇక డైనింగ్ టేబులు. దాని మీద ఉన్నవాటిని ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని 'నీ ఇల్లెక్కడ' అని అడగండి. స్కూటీ తాళం, కరెంటు బిల్లు, మీవారి బీపీ మాత్రలు, పిల్లవాడి ఐడీ కార్డు, చార్జరు. వీటిలో ఒక్కదానికీ ఇల్లు లేదు. అందుకే టేబులెక్కి కూర్చున్నాయి. గుమ్మం పక్కన రెండు మేకులు, ఒక చిన్న ట్రే పెట్టండి. మాత్రలకి మంచినీళ్ల బిందె దగ్గర చోటివ్వండి. టేబులు దానంతటదే ఖాళీ అవుతుంది. ఆ తర్వాత కూడా బుట్ట కావాలనిపిస్తే టేపు పెట్టి అర కొలిచి, ఆ కొలతకి కొనండి.

అన్నట్టు, ఫ్రిజ్జు, మిక్సీ వచ్చిన అట్టపెట్టెలు వారంటీ కోసమని దాస్తుంటే మానెయ్యండి. మామూలుగా వారంటీకి అడిగేది బిల్లు. మన సముద్రపు గాలికి అట్ట చెమ్మ పీలుస్తుంది, బొద్దింకలు దానిలోనే సంసారం పెడతాయి.

ప్రశ్న: మా అత్తగారు అటకంతా ఇత్తడి గుండిగలు, గంగాళాలు, రాగి కాగులతో నింపారు. నలభై మందికి వండే గిన్నెలు, ఇంట్లో ఉండేది నలుగురం. తీసేద్దామంటే 'నీ సొమ్మేం పోయింది' అంటారు. ఆవిడ ఊరెళ్లినప్పుడు తీసెయ్యనా?
– పేరు వద్దన్నారు, సీతమ్మధార

జవాబు: అంత పని చెయ్యకండి. స్టోర్సులో ఇండెంటు (సరుకు కావాలని రాసిచ్చే చీటీ) మీద సంతకం లేకుండా బోల్టు కూడా బయటకి పోదు. ఆ గుండిగలకి సంతకం పెట్టాల్సింది మీ అత్తగారు. మీ సామాను, మీవారి సామాను, పిల్లల సామాను, ఎవరిది వాళ్లే తేల్చాలి. ఆవిడ లేనప్పుడు అమ్మేస్తే అటక ఖాళీ అవుతుందేమో గానీ, ఆ తర్వాత ఇంట్లో ఏ గరిటె కనపడకపోయినా ఆ నింద మీదే.

ఇలా చెయ్యండి. ఒక సెలవురోజు, మీవారిని గట్టి నిచ్చెన ఎక్కించి (ప్లాస్టిక్ స్టూలు వద్దు, గంగాళం బరువుకి మనిషి తూలిపోతాడు) అన్నీ దించండి. చింతపండుతో ఒక్కటి తోమి అత్తయ్యగారి ముందు పెట్టి, ఇది ఎవరి పెళ్లిలో వచ్చిందని అడగండి. కాఫీ ఇచ్చి కూర్చోండి, చెప్పనివ్వండి. మధ్యలో 'మరి ఇప్పుడెందుకు' అనకండి. ఆ కథ ఎవరూ వినలేదనే సగం బెంగ. విన్నాక, 'ఇది మీ మనవరాలికి రాసిపెడదామా, ఇది చిన్న ఆడపడుచుకి ఇద్దామా' అని అడగండి. వస్తువు పోవడం వేరు, తన చేత్తో ఇవ్వడం వేరు. కొన్ని ఆవిడే ఇచ్చేస్తారు. కొన్ని ఇవ్వరు, ఉండనివ్వండి. ఒక అటక ఆవిడది అనుకోండి.

అమ్మే మాట వస్తే మాత్రం వీధిలో స్టీలు గిన్నెల బుట్టతో వచ్చేవాళ్లకి ఇత్తడి ఇవ్వకండి. దుకాణంలో తూకం వేయించి, రెండు చోట్ల ధర కనుక్కుని అప్పుడివ్వండి.

ప్రశ్న: హుద్‌హుద్ తుఫానప్పటి నుంచి మావారికి ఒక భయం పట్టుకుంది. ఖాళీ నీళ్ల సీసాలు, కొవ్వొత్తులు, పాత టార్చిలైట్లు, తాళ్లు, టార్పాలిన్లు బాల్కనీ నిండా పోగేశారు. ఏది తీసినా 'మళ్లీ వస్తే?' అంటారు.
– పెదవాల్తేరు

జవాబు: 2014 అక్టోబరు 12ని ఈ ఊళ్లో చూసినవాళ్లెవరూ ఆయన్ని వెక్కిరించరు. కరెంటు లేదు, కుళాయి రాదు, ఫోను కలవదు. పాల పేకెట్టు కోసం లైను. ఆయన ప్రశ్న సరైనదే. స్టోర్సులో మేం ఇన్సూరెన్స్ స్పేరు అని ఒక రకం సరుకు ఉంచేవాళ్లం. ఏళ్ల తరబడి కదలదు, ఆడిటరు వచ్చి ఇదెందుకని అడుగుతాడు, కానీ అది లేని రోజున ప్లాంటు ఆగిపోతుంది. మీ టార్చిలైటు అలాంటిదే. అయితే ఆ రకానికి రెండు షరతులుండేవి. ఎన్ని ఉండాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. అవసరమైతే పనిచేస్తుందో లేదో తరచూ చూస్తారు.

మీవారి టార్చిలన్నీ ఒకసారి నొక్కి చూడమనండి. చాలావాటిలో సెల్లు కారి, స్ప్రింగుకి పచ్చటి తుప్పు పట్టి ఉంటుంది. మన గాలికి అది ఇంకా త్వరగా పడుతుంది. సెల్లు ఎప్పుడూ టార్చిలో ఉంచకూడదు, విడిగా చిన్న డబ్బాలో పెట్టాలి. మూత గట్టిగా పట్టే ఒక పెద్ద డబ్బా తీసుకోండి. వెలిగే టార్చిలు రెండు, సెల్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, పవర్ బ్యాంకు, తాడు, రోజూ వేసుకునే మందులు వారానికి సరిపడా, కొంచెం చిల్లర డబ్బు (ఏటీఎం, ఫోన్‌పే రెండూ పనిచెయ్యని రోజు అది), ఇంటి కాగితాల నకళ్లు నీళ్లు చొరని కవరులో. తాగే నీళ్లకి మూతలున్న క్యాన్లు రెండు. టార్పాలిను ఒకటి చాలు. సెప్టెంబరులో ఒకసారి, వేసవిలో ఒకసారి విప్పి చూసే పని ఆయనకే అప్పజెప్పండి. ఆ డబ్బా ఉందన్న ధైర్యం వచ్చాక ఖాళీ సీసాలు ఆయనే పాత సామానువాడికి వేస్తారు.

ప్రశ్న: దొండపర్తిలో చిన్న ఎలక్ట్రికల్ షాపు నాది. టేబులు మీద, కింద, వెనక ర్యాకులో అంతా బిల్లులు, చలాన్లు. పారేస్తే ఏ నోటీసు వస్తుందోనని టెన్షన్. ఎన్నేళ్లు దాచాలి?
– వ్యాపారి, దొండపర్తి

జవాబు: జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు, బిల్లులు ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. అప్పీలో, విచారణో నడుస్తుంటే అది తేలిన తర్వాత ఇంకో ఏడాది వరకూ ఉంచాలి. 72 నెలలు, లేదా ఈ ఏడాది, ఏది ఆలస్యమైతే అది. పారేసే ముందు మీ ఆడిటరుతో ఒక మాట అనుకోండి. షాపు రిజిస్ట్రేషను, అద్దె అగ్రిమెంటు, ఆస్తి దస్తావేజులు ఈ లెక్కలోకి రావు. అవి ఇంట్లో బీరువాలో ఉండాలి గానీ షాపు ర్యాకులో కాదు.

సంవత్సరానికో అట్టఫైలు, అందులో నెలకో కవరు. ఫైలు వీపు మీద సంవత్సరంతో పాటు 'ఫలానా తేదీ తర్వాత తీసెయ్యాలి' అని స్కెచ్ పెన్నుతో రాయండి. తీసే తేదీ లేని ఫైలు ఎప్పటికీ పోదు. మెషీను నుంచి వచ్చే నున్నటి బిల్లులు వేడికి వెలిసిపోతాయి, ఏడాది తిరిగేసరికి తెల్ల కాగితం మిగులుతుంది. వచ్చిన రోజే ఫొటో తీసి, జిరాక్సు జత చెయ్యండి. ఖాతా నంబర్లు, సంతకాలు ఉన్న కాగితాలు చిత్తు కాగితాలవాడికి అలాగే వెయ్యకండి, చింపి వెయ్యండి.

టేబులు మీద మాత్రం ఇవాళ్టి పనికి కావాల్సినవే ఉండాలి. షట్టరు దించే ముందు పది నిమిషాలు దానికే. కుర్రాడికి వదలకండి, మీరే చెయ్యండి. ఏ బిల్లు ఎక్కడికెళ్లాలో మీకే తెలుసు.

ప్రశ్న: పట్టుచీరలు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి బీరువాలో దాచాను. తీస్తే ముక్క వాసన, జరీ నల్లబడింది.
– అక్కయ్యపాలెం

జవాబు: కవర్లు ఇవాళే తీసెయ్యండి. చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఉతికిన పాత నూలు పంచె ముక్కలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలకూడదు, గుడ్డలో మూటకట్టి అర మూలన పెట్టండి. మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చండి, లేకపోతే పాత మడత దగ్గరే చిరుగుతుంది. జనవరి, ఫిబ్రవరిలో గాలి పొడిగా ఉన్న రోజు నీడలో ఆరెయ్యండి. బీరువాని గోడకి ఆనించకండి. ఇంతకీ ఎన్ని చీరలో రాయలేదు. కట్టనివి ఉంటే ఎవరికివ్వాలో మీకు ఇప్పటికే తెలిసుంటుంది.

ప్రశ్న: మా పాప గీసిన బొమ్మలన్నీ దాచాలా మేడమ్?
– గోపాలపట్నం

జవాబు: అక్కర్లేదు. ఏడాదికి ఒక ఫైలు. ఏవి ఉంచాలో పాపనే ఎంచమనండి. మీరు ఎంచితే మీకు నచ్చినవి మిగులుతాయి.

ప్రశ్న: మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. గదిలో పాత ఫోన్లు, చార్జర్లు, కేబుళ్లు ఒక బ్యాగు నిండా ఉన్నాయి. ఎప్పుడైనా పనికొస్తాయని ఉంచాను.
– బ్యాచిలర్, మధురవాడ

జవాబు: ఒక సాయంత్రం ప్రతి కేబులూ ఫోనుకో, లాప్‌టాప్‌కో పెట్టి చూడు బాబూ. దేనికీ సరిపోనిది పక్కన పెట్టు. సరిపోయే వాటిలో రకానికి రెండు ఉంచుకో, కాగితం చీటీ అంటించు. పాత ఫోన్లలోంచి ఫొటోలు, ఖాతాలు తీసేసి, రీసెట్ చేసి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వు. మామూలు చెత్తబండిలో వెయ్యకు. ఏ ఫోనైనా వెనక మూత ఉబ్బి ఉంటే దాన్ని చార్జింగు పెట్టి చూద్దామనుకోకు, నొక్కకు, ఆ బ్యాగులోంచి ముందు అదే తీసి, గుడ్డలకీ కాగితాలకీ దూరంగా గచ్చు మీద పెట్టు.