అన్‌లోడ్ పోతే బిల్లు డ్రాఫ్ట్ ఎప్పుడు సేవ్ చేయాలి?

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారి బిల్లింగ్ పేజీలో, పేజీ మూసేటప్పుడు అన్‌లోడ్ ఈవెంట్‌తో (పేజీ పోతోందని బ్రౌజర్ కోడ్‌కు ఇచ్చే కబురుతో) డ్రాఫ్ట్ సేవ్ చేస్తున్నారు. క్రోమ్ దాన్ని దశలవారీగా తీసేస్తోంది, బదులుగా ఏం వాడాలని ఆ పేజీ కోడ్ రాసేవారు అడిగారు. పేజ్‌హైడ్ (పేజీని వదిలినప్పుడు వచ్చే మరో ఈవెంట్) అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ అంతవరకే మారిస్తే డ్రాఫ్టులు పోతూనే ఉంటాయి.

కాటా దగ్గర గుమస్తా ఫోన్‌లో లాటు నంబరు, టిక్కీలు (మిర్చి బస్తాలు), బరువు ఎక్కిస్తుంటాడు. రైతుకు రేటు పంపాలని మధ్యలో వాట్సాప్‌లోకి వెళ్తాడు. ఈలోగా మెమరీ చాలక ఆండ్రాయిడ్ బ్రౌజర్‌ను చంపేస్తుంది, లేదా అతనే రీసెంట్ యాప్స్‌లోంచి తోసేస్తాడు. అప్పుడు అన్‌లోడ్ రాదు, పేజ్‌హైడ్ రాదు, బిఫోర్‌అన్‌లోడ్ (పేజీ వదిలే ముందు ‘వెళ్లిపోవాలా?’ అని అడిగించే ఈవెంట్) కూడా రాదు. పేజీకి ఆఖరుసారి కబురందింది వాట్సాప్‌కు మారినప్పుడే: విజిబిలిటీచేంజ్ ఈవెంట్, స్థితి హిడెన్ (పేజీ కనబడటం లేదు). మీ ఆఖరి సేవ్ అక్కడే పడాలి. ఈ లిజనర్‌ను (ఈవెంట్ వస్తే నడిచే కోడ్‌ను) విండోకు కాదు, డాక్యుమెంట్‌కు పెట్టండి.

అసలు ఆఖరి క్షణం మీద ఆధారపడటమే తప్పు పద్ధతి. టైపింగ్ ఆగిన 500 మిల్లీసెకన్లకు లోకల్ స్టోరేజ్‌లో (బ్రౌజర్‌లోనే ఉండే నిల్వలో) రాసేయండి. హిడెన్ అయినప్పుడు సెండ్‌బీకన్‌తో (పేజీ పోయినా డేటాను చేర్చే బ్రౌజర్ ఫంక్షన్‌తో) సర్వర్‌కు పంపండి. అది పోస్ట్ రిక్వెస్ట్ మాత్రమే పంపుతుంది, 64 కేబీ దాటితే ఫాల్స్ ఇస్తుంది, ఆథరైజేషన్ హెడర్ పెట్టనివ్వదు. ఆ హెడర్‌లో లాగిన్ టోకెన్ పంపాల్సి ఉంటే, ఫెచ్ ఫంక్షన్‌కు కీప్‌అలైవ్ ట్రూ (పేజీ పోయినా రిక్వెస్ట్ ఆగకుండా) ఇవ్వండి; 64 కేబీ హద్దు దానికీ ఉంది. ట్యాబ్ మార్చినప్పుడల్లా హిడెన్ వస్తుంది కాబట్టి ప్రతి డ్రాఫ్ట్‌కూ ఒక ఐడీ ఇచ్చి, సర్వర్‌లో ఉన్న ఆ ఐడీ రికార్డునే అప్‌డేట్ చేయాలి. లేకపోతే ఒకే లాటుకు నాలుగు డ్రాఫ్టులు తయారవుతాయి.

అన్‌లోడ్‌లో సింక్రోనస్ ఎక్స్‌ఎంఎల్ హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ (జవాబు వచ్చేదాకా పేజీని ఆపి ఉంచేది) పంపే పాత కిటుకును క్రోమ్ 2020లో 80వ వెర్షన్ నుంచే ఆపేసింది. ఇంకా అదే నేర్పే పాత నోట్సులుంటే నమ్మకండి. జేక్వెరీ (జావాస్క్రిప్ట్ లైబ్రరీ) కూడా తన అన్‌లోడ్ మెథడ్‌ను 3.0లో తీసేసింది. 

క్రోమ్ పట్టుదలకు కారణం ఉంది. డెస్క్‌టాప్ క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో అన్‌లోడ్ లిజనర్ ఒక్కటి ఉన్నా ఆ పేజీ బ్యాక్-ఫార్వర్డ్ క్యాష్‌లోకి (వదిలిన పేజీని ఉన్నదున్నట్టు మెమరీలో దాచే చోటికి) వెళ్లదు. బ్యాక్ నొక్కితే మొత్తం మళ్లీ లోడవుతుంది. ఫోన్ క్రోమ్, సఫారీ పేజీని క్యాష్‌లో పెట్టి, అన్‌లోడ్‌నే వదిలేస్తాయి. అంటే మీ గుమస్తా ఫోన్‌లో అది ఎన్నడూ నమ్మదగ్గది కాదు.

మీ కోడ్‌లో తీసేసినా చాట్ విడ్జెట్, యాడ్ స్క్రిప్టు, ఐఫ్రేమ్ (మీ పేజీలో పొదిగిన మరో పేజీ) దాన్ని మోసుకొస్తాయి. పర్మిషన్స్-పాలసీ హెడర్‌లో (పేజీతో పాటు సర్వర్ పంపే ఆదేశంలో) అన్‌లోడ్‌కు ఖాళీ బ్రాకెట్లు ఇస్తే క్రోమ్‌లో మీ పేజీకీ ఐఫ్రేములకూ కలిపి ఆగిపోతుంది. తర్వాత డెవ్‌టూల్స్‌లో అప్లికేషన్ ట్యాబ్, బ్యాక్-ఫార్వర్డ్ క్యాష్, టెస్ట్ నొక్కండి. ఇంకేదైనా అడ్డుపడుతుంటే కారణం అక్కడే రాసి ఉంటుంది.

బిఫోర్‌అన్‌లోడ్‌ను క్రోమ్ తీసేయడం లేదు. సేవ్ కాని మార్పులున్నప్పుడే తగిలించి, సేవ్ కాగానే తీసేయండి.