గుమ్మం మీది పిల్లి

చి॥ అమ్మాయికి,

ఆశీస్సులు. లండన్‌లోని లాంబెత్ ప్రాంతంలో సౌత్‌బ్యాంక్ హౌస్ అనే పాత భవనం గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. నీ వాక్యానికి మంచి నడక ఉంది. అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు. అయితే మొదటి పేజీ నిండా ‘అద్భుతం’, ‘గంభీరం’, ‘గతవైభవం’ అనే మాటలే కనిపించాయి. అవి చార్మినార్‌కూ సరిపోతాయి, తాజ్‌మహల్‌కూ సరిపోతాయి. ఈ ఒక్క భవనానికే చెల్లే మాటలు కావాలి.

ఎర్ర ఇటుక మధ్య గులాబీ, ఇసుక రంగు పలకలు, మొనదేలిన తోరణాలు ఉన్నాయని రాశావు. అవి అక్కడికి ఎందుకు వచ్చాయో రాయలేదు. 1870ల చివర్లో దాన్ని కట్టించినది డౌల్టన్ అనే కుండల కంపెనీ. డిజైన్ చేసినది రాబర్ట్ స్టార్క్ విల్కిన్సన్. బొగ్గు పొగ లండన్‌లో రాతి కట్టడాలను తినేస్తున్న రోజులవి. బాగా కాలిన మట్టి ఆ పొగకు తట్టుకుంటుంది, కడిగితే మసి వదులుతుంది. భవనాలకు కావలసిన ఈ కాల్చిన మట్టిని, అంటే టెర్రకోటను, అమ్మే కంపెనీ ఆ సంగతిని తన ఆఫీసు గోడల మీదే చూపించింది. సరుకు కొనడానికి వచ్చినవాడు లోపలికి అడుగు పెట్టకముందే నమూనాలన్నీ చూసేసేవాడు. ఒక్కో తోరణం దగ్గరా ఆగి, ఇది ఎవరిని ఒప్పించడానికి పెట్టారని అడుగు. నీ వర్ణన దానంతట అదే చిక్కబడుతుంది.

ఇక డబ్బు సంగతి. నువ్వు దాన్ని పూర్తిగా వదిలేశావు. హెన్రీ డౌల్టన్ 1846లో లాంబెత్‌లో మురుగునీటి గొట్టాల తయారీ మొదలుపెట్టాడు. కలరా భయంతో నగరాలు నేల కింద కాలువలు వేయించుకుంటున్న కాలం కావడంతో గిరాకీ విపరీతంగా పెరిగింది. ఆ గొట్టాలకు మెరుపు ఎలా వచ్చేదో తప్పకుండా రాయి. కొలిమి దాదాపు 1200 డిగ్రీల వేడికి చేరాక లోపలికి మామూలు ఉప్పు వేస్తారు. ఉప్పు ఆవిరై, అందులోని సోడియం మట్టిలోని సిలికాతో (ఇసుకలో ఉండే పదార్థమే) కలిసి పైన గాజు పొరలా పరుచుకుంటుంది. నీళ్లు ఇంకవు. ఇలా ఎక్కువ వేడి మీద కాల్చిన గట్టి మట్టి సామానును స్టోన్‌వేర్ అంటారు. మన ఊరగాయ జాడీ కూడా ఈ కుటుంబానిదే. కాబట్టి తెలుగు పాఠకుడికి ఈ మట్టి పరాయిదేమీ కాదు.

ఇప్పుడు మూల గుమ్మం పైన ఉన్న టెర్రకోట శిల్పం దగ్గర ఆగు. నీ వ్యాసంలో దానికి ఒకే ఒక్క వాక్యం దక్కింది. మలిచినవాడు జార్జ్ టిన్‌వర్త్, బండిచక్రాలు చేసేవాడి కొడుకు. లాంబెత్ కళాపాఠశాలలో చదువుకుని డౌల్టన్‌లో చేరాడు. అందులో దేవతలు లేరు, రాజులు లేరు, కుండల పనివాళ్లున్నారు. కూర్చుని పని చేసుకుంటున్న స్త్రీ హానా బార్లో. పచ్చి మట్టి మీద గీతలు గీసి గుర్రాలకూ జింకలకూ ప్రాణం పోసిన కళాకారిణి. ఆమె కుర్చీ కింద ఆమె పిల్లి కూడా ఉంది! ఫ్యాక్టరీ ఆఫీసు గుమ్మం మీద అక్కడ పనిచేసే కళాకారిణి పిల్లికి చోటు దొరికిందంటే ఆ శిల్పికి తోటివాళ్లంటే ఎంత ప్రేమో ఆలోచించు. నాకైతే ఆ భవనంలో అన్నిటికన్నా విలువైన చోటు అదే. నీ వ్యాసంలో కనీసం ఒక పేజీ దానికివ్వు.

అలాగే అక్కడ లేనివాళ్ల గురించీ రాయి. శిల్పంలో కనిపించేది అలంకారపు కుండలూ కూజాలూ చేసేవాళ్ల ప్రపంచం. కంపెనీని నిలబెట్టిన గొట్టాలు చేసినవాళ్లు, కొలిమిలో ఉప్పు వేసినవాళ్లు ఆ గుమ్మం మీదికి ఎక్కలేదు. ఉప్పు కొలిమి నుంచి ఆమ్లపు ఆవిరి కూడా వెలువడుతుంది. దాన్ని ముందుగా పీల్చేది వాళ్లే. గాలి శుభ్రత కోసం కొత్త నిబంధనలు వచ్చిన కాలంలో, 1956లో, లాంబెత్‌లో డౌల్టన్ కుండల పని ఆగిపోయింది. చుట్టూ ఉన్న డౌల్టన్ కట్టడాలు చాలావరకు నేలమట్టమయ్యాయి, ఇది మిగిలింది.

నువ్వు అదే ఊళ్లో ఉన్నావు కాబట్టి మరోసారి వెళ్లు. ఫోను సంచిలోనే ఉంచి, నోటుపుస్తకం, పెన్సిలు తీసుకెళ్లు. ఆ శిల్పంలో ఎవరి చేతిలో ఏముందో, ఎవరు ఎటు చూస్తున్నారో బొమ్మ గీసుకో. బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు. తర్వాత మొదటి పేజీ తీసేసి, గొట్టాలతో మొదలుపెట్టి తిరగరాయి. బొమ్మను కూడా వ్యాసంతో జతచేసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు