ముందు పాదం కిందికి చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

పొద్దున పిల్లలకు దూకడం, దిగడం నేర్పుతానని, సాయంత్రం నడక కష్టమైన పెద్దవాళ్లకు సాయపడతానని రాశావు. చాలా సంతోషం. న్యూటన్ సూత్రాలు మూడూ నోటికి వచ్చినా, ఎదుట మనిషి కదులుతుంటే అవి ఎక్కడున్నాయో కనిపించడం లేదన్నావు. కండరాల మీది చూపు తీసి పాదం కింద పెట్టు, కనిపిస్తాయి.

కండరాలు ఒంటి లోపలివి. ఎముకను ఎముక వైపు లాగుతాయే గానీ, ఒంటిని మొత్తంగా అవి ఎటూ జరపలేవు. మనల్ని పైకి లేపేది, ముందుకు తోసేది, ఆపేది నేలే. మనం దాన్ని ఎటు తంతే అది ఎదురు దిక్కుకు అంతే బలంతో తోస్తుంది. కాళ్లు నేల వదిలాక చేతులు ఎంత ఊపినా గరిమనాభి, అంటే ఒంటి బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు, దారి మారదు. చర్య, ప్రతిచర్య సమానమైతే రెండూ కొట్టుకుపోవా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఒకటి నేల మీద పడుతుంది, ఇంకొకటి మన మీద. అందుకని మనిషి బొమ్మ ఒక్కటే గీయించి, ఆ మనిషి మీద పడే బలాలకు మాత్రమే బాణాలు వేయించు. బరువు కిందికి, నేల తోపు పైకి. ఏది ఎక్కువైతే వేగం అటు మారుతుంది.

దీన్ని కళ్లకు కట్టాలంటే ముల్లు తిరిగే బరువు యంత్రం ఒకటి చాలు. డిజిటల్‌ది వద్దు, అది ఒక అంకె దగ్గర నిలిచిపోతుంది. యంత్రం మీద నిలబెట్టి, గబుక్కున మోకాళ్లు వంచమను. ముల్లు పెరుగుతుందని అందరూ అనుకుంటారు, కానీ అది ముందు తగ్గుతుంది. ఒళ్లు కిందికి వేగం అందుకోవాలంటే నేల తోపు బరువుకన్నా తక్కువ కావాలి మరి. కింద ఆగే క్షణంలో ముల్లు అసలు బరువును దాటి పోతుంది. అదే పని నిదానంగా, ఒకే వేగంతో చేయిస్తే ముల్లు దాదాపు కదలదు. బలాలు సమానమైతే వేగం మారదన్న మొదటి సూత్రం, తేడా ఉంటే మారుతుందన్న రెండో సూత్రం ఈ ఒక్క పనిలో తెలిసిపోతాయి.

ఇక దిగడం. దెబ్బలు తగిలేది ఇక్కడే కాబట్టి లెక్కతో సహా పట్టుకో. 60 కిలోల మనిషి 45 సెంటీమీటర్ల బల్ల మీది నుంచి దిగితే నేల తాకేసరికి వేగం సెకనుకు 3 మీటర్లు. ద్రవ్యవేగం, అంటే కిలోలను వేగంతో గుణిస్తే వచ్చేది, 180. ఎలా దిగినా ఈ 180 సున్నా కావాల్సిందే, మన చేతిలో ఉన్నది దానికి పట్టే సమయమే. 0.1 సెకనులో ఆగితే అదనపు బలం 1800 న్యూటన్లు. సొంత బరువు 590 (కిలోకు సుమారు 9.8 న్యూటన్లు) కలిపితే 2390, అంటే బరువుకు నాలుగింతలు. 0.25 సెకన్లలో ఆగితే అదనం 720, మొత్తం 1310, రెండింతల పైచిలుకు. మొదటి దానికి ఒళ్లు 15 సెంటీమీటర్లు కిందికి దిగితే సరిపోతుంది, రెండో దానికి 37 దాకా దిగాలి. ఇవి సగటు లెక్కలని మరిచిపోకు. కాళ్లు బిగబట్టి దిగినప్పుడు మొదటి క్షణాల్లోనే బలం ఇంతకన్నా చాలా ఎత్తుకు లేస్తుంది.

సమయం కొలవడానికి ఫోన్ చాలు. సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్‌లో పక్క నుంచి, తుంటి ఎత్తులో పెట్టి తీయి. పాదం తాకిన ఫ్రేము నుంచి తుంటి అన్నిటికన్నా కిందికి వచ్చిన ఫ్రేము వరకు లెక్కపెట్టు. 24 వస్తే 0.1 సెకను, 60 వస్తే 0.25. చెవిని కూడా నమ్ము. ధబ్బున చప్పుడైతే దిగడం గట్టిగా ఉందని అర్థం. "చప్పుడు లేకుండా దిగు" అన్న ఒక్క మాట పిల్లల మీద పనిచేసినంతగా "మోకాళ్లు వంచు" అన్నది పనిచేయదు.

మునివేళ్ల వెనకున్న మెత్తటి భాగం ముందు తాకాలి, వెంటనే మడమ. తుంటి వెనక్కి పోవాలి, మొండెం కొద్దిగా ముందుకు వాలాలి. మొండెం నిటారుగా ఉంచి మోకాళ్లు మాత్రమే వంచితే భారమంతా తొడ ముందు కండరాల మీద, మోకాలి చిప్ప మీద పడుతుంది. ముందుకు వాలితే బరువు గీత, అంటే గరిమనాభి నుంచి నేలకు గీసిన నిలువు గీత, మోకాలికి దగ్గరై, తుంటికి దూరమవుతుంది. అప్పుడు పిరుదుల కండరాలు తమ వాటా మోస్తాయి. ముందు నుంచి కూడా ఒకసారి తీసి చూడు. మోకాలు కాలి రెండో వేలి వరుసలో ఉండాలి. లోపలికి కుంగితే నేల తోపు మోకాలికి బయటి పక్కగా పోయి కీలును మెలితిప్పుతుంది. అలా కుంగుతున్న పిల్లకు ఎత్తు పెంచకు. 20 సెంటీమీటర్ల దగ్గరే ఉంచి ఐదారుసార్లు దించి, విశ్రాంతినివ్వు. వంపు అంతే ఉంచి ఎత్తు రెట్టింపు చేస్తే అదనపు బలమూ రెట్టింపవుతుంది.

పెద్దవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఊతకర్రను నొప్పి ఉన్న వైపే పట్టుకోవడం. కుడి తుంటి నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. ఎందుకో చూడు. 60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే, ఆ కాలు పోను మిగిలిన 50 కిలోలు, అంటే 490 న్యూటన్లు, తుంటి కీలుకు సుమారు 10 సెంటీమీటర్ల దూరంలో కిందికి లాగుతాయి. దాన్ని నిలిపే పక్క కండరాలు కీలుకు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి, కాబట్టి అవి 980తో లాగాలి. కీలు మీద మొత్తం 1470. ఎదుటి చేతి కర్ర కీలుకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుని, దాన్ని 50 న్యూటన్లతో, అంటే ఐదు కిలోల పాటి బలంతో నొక్కమను. కండరాల పని 980 నుంచి 580కి, కీలు మీది భారం 1020కి దిగుతాయి. ఐదు కిలోలు నొక్కితే నలభై అయిదు కిలోలు తగ్గాయి! అదంతా దూరం చేసిన మేలు. కర్ర నొప్పి వైపే ఉంటే, ఒళ్లు దాని మీదికి వాల్చితే తప్ప ఈ లాభం రాదు. చేయి వేలాడేసి నిలబడ్డప్పుడు కర్ర పిడి మణికట్టు ముడత ఎత్తులో ఉండాలి. నొప్పి కాలు, కర్ర ఒకేసారి ముందుకు పడాలి. కింది రబ్బరు అరిగితే వెంటనే మార్పించు.

బరువులెత్తడంలోనూ ఇదే దూరం లెక్క. 15 కిలోల పెట్టెను నడుముకు 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, 5 సెంటీమీటర్ల దూరంలో ఉండే వీపు కండరాలు ఆ పెట్టె కోసమే 1470 న్యూటన్లు పెట్టాలి. 20 సెంటీమీటర్లకు లాక్కుంటే 590 చాలు. నడుము నిటారుగా ఉందా లేదా అని తర్వాత చూడు, పెట్టె పొట్టకు ఆనుకుందా అని ముందు చూడు. ఒక్క ఊపులో ఎత్తనివ్వకు, ఊపుకు తగ్గట్టు నడుము మీది భారమూ పెరుగుతుంది.

తడి నేల మీద అడుగులు చిన్నవిగా వేయమను. అడుగు సాగితే కాలు ఏటవాలుగా తాకి, అడ్డంగా తోసే భాగం ఘర్షణ ఆపగలిగిన దాన్ని దాటిపోతుంది.

మొదటి రోజు ఎవరికీ ఏమీ దిద్దకు. ప్రతి ఒక్కరినీ పక్క నుంచి ఒకటి, ముందు నుంచి ఒకటి వీడియో తీసి, ఆపిన బొమ్మ మీద పాదం నుంచి గరిమనాభికి, అంటే బొడ్డుకు కొంచెం కిందికి, ఒక గీత గీయి. అది ఏ కీలుకు ఎంత దూరంగా పోతోందో రాసి పెట్టుకో. ఆ కాగితాలు నాకు పంపితే కలిసి చూద్దాం.

ప్రేమతో,
పెదనాన్న