కాథలిక్ అయిన వారసుడికి బ్రిటన్ సింహాసనం ఎందుకు దక్కదు?

ఈ నిషేధానికి ప్రధాన ఆధారం 1701 నాటి వారసత్వ చట్టం. కాథలిక్ మతం పుచ్చుకున్న రెండవ జేమ్స్ 1688లో గద్దె కోల్పోయాక, అతని సంతతిలోని కాథలిక్కులు మళ్లీ హక్కు కోరకుండా పార్లమెంటు వారసత్వాన్ని జర్మనీలోని హానోవర్‌కు చెందిన అతని బంధువు సోఫియాకూ, ప్రొటెస్టెంట్లైన ఆమె వారసులకూ పరిమితం చేసింది. అందుకే 1714లో ఆన్ రాణి మరణించినప్పుడు, రక్తసంబంధంలో మరింత దగ్గరివారైన యాభై మందికి పైగా కాథలిక్కులను పక్కనపెట్టి, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన సోఫియా కుమారుడు జార్జికి పట్టం కట్టారు.

కాథలిక్కును పెళ్లాడినా హక్కు పోయేది. 1978లో కెంట్ రాకుమారుడు మైకేల్‌కు జరిగింది అదే. 2013 నాటి చట్టం ఆ నిబంధనను తొలగించింది గానీ, వారసుడే కాథలిక్ అయితే నిషేధం యథాతథంగా ఉంది. చట్టం పేరుపెట్టి వెలివేసింది కాథలిక్కులనే. తక్కిన మతాలవారికి ఇంగ్లండు చర్చిలో సభ్యత్వం ఉండాలన్న షరతే అడ్డు.