మీ నాన్న తొడల కండ చూసుకో తల్లీ

చిట్టితల్లికి,

అత్త దీవెనలు. మొన్న వీడియో కాల్‌లో మీ నాన్న కుర్చీలోంచి రెండు చేతులూ ఊనుకుని లేవడం చూశాను. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్‌కి ముందు 62 కిలోలు, ఇప్పుడు 60, రెండు కిలోలేగా అని నువ్వు ధైర్యంగా ఉన్నావు. తూకం ఒక్కదాన్నే నమ్మకమ్మా. కాళ్ళకు నీరు పట్టినా, పొట్టలో నీరు చేరినా కాటాలో తేడా కనిపించదు, లోపల కండ మాత్రం పోతూనే ఉంటుంది. తొడలు సన్నబడ్డాయా, మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడా, సీసా మూత తిప్పలేకపోతున్నాడా, ఇవి చూడు. ఆరు నెలల్లో ఒంటి బరువులో నూటికి ఐదు వంతులకు మించి తనంతట తానే తగ్గితే డాక్టర్లు కాకెక్సియా అంటారు. మీ నాన్న విషయంలో అది మూడు కిలోల పైమాట. అంతవరకూ రానివ్వకూడదు.

కణితి ఒంట్లో ఉన్నన్నాళ్ళూ దానివల్ల పుట్టే వాపు రసాయనాలు ఆకలిని చంపుతాయి, కండని కరిగిస్తాయి. పెద్దపేగులోంచి కణితి తీసేశారు, నిజమే. కానీ ఆ తర్వాత ఆపరేషన్ దెబ్బ, కీమో, వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ వరసగా వచ్చి పడ్డాయి. ఆ స్టెరాయిడ్ ఎక్కువ రోజులు పడితే ముందు తొడలే నీరసిస్తాయి. వీటన్నిటికీ తోడు మంచం. ఏ జబ్బూ లేని పెద్దవయసు వాళ్ళని పది రోజులు మంచం మీదే ఉంచి చూస్తే కాళ్ళలోనే దాదాపు కిలో కండ పోయిందని 2007లో అమెరికా పరిశోధకులు రాశారు. జబ్బు లేనివాళ్ళకే అంత!

మీ ఇంట్లో అందరూ అన్నయ్యని ఎంత ప్రేమగా చూసుకుంటున్నారో నాకు తెలుసు. నీళ్ళూ మంచం దగ్గరికే, కంచమూ మంచం దగ్గరికే. కదిలితే నీరసం వస్తుందని వదిన భయం. క్యాన్సర్ వార్డులో ఫిజియోథెరపిస్టుగా పనిచేసినన్నాళ్ళూ నేను పోరాడింది ఈ భయంతోనే. కీమో నీరసం పడుకుంటే తీరే అలసట కాదు. రోజూ కాస్త కాస్త కదిలినవాళ్ళకే అది తగ్గుతుంది.

ఇంకో సంగతి వదినకి చెప్పు. కీమో డోసు ఎత్తూ బరువూ చూసి లెక్క కడతారు. ఒకే బరువున్న ఇద్దరిలో కండ తక్కువున్న మనిషికే మందు ఎక్కువ బాధ పెడుతుంది. అప్పుడు డోసు తగ్గించడమో, సైకిల్, అంటే తర్వాతి విడత కీమో, వాయిదా వేయడమో చేయాల్సి వస్తుంది. మీ నాన్నకు ఇంకా చాలా సైకిళ్ళు ఉన్నాయి. అవి పూర్తిగా పట్టాలంటే కండ ఉండాలి.

కుర్చీతోనే మొదలుపెట్టు. చేతులున్న గట్టి కుర్చీ గోడకు ఆనించి వేయి. పాదాలు నేలమీద ఆనించి, చేతులు గుండెలమీద కట్టుకుని లేవమను, నెమ్మదిగా కూర్చోమను. లేవడంలోనే కాదు, నెమ్మదిగా కూర్చోవడంలోనూ తొడలకు పని ఉంది, ధబీమని కూలబడనివ్వకు. మొదట ఐదుసార్లు చాలు. చేతులు ఊనకుండా లేవలేకపోతే దిండు వేసి కుర్చీ ఎత్తు పెంచు, వారం గడిచాక దిండు తీసేయి. ఎనిమిది నుంచి పదిహేనుసార్లు, మధ్యలో విశ్రాంతి తీసుకుని మళ్ళీ ఒక దఫా, ఇలా వారానికి రెండు మూడు రోజులు చేసేదాకా తీసుకెళ్ళు. వంటగది గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, గోడకు చేతులానించి ముందుకు వంగి వెనక్కి తోసుకోవడం కూడా ఇదే లెక్కన. ఊపిరి బిగపట్టకూడదు. పైకి అంకెలు లెక్కపెట్టమను, ఊపిరి దానంతటదే ఆడుతుంది. పొట్ట మీద కోత ఉంది కనక నీళ్ళ బిందె, బియ్యం బస్తా, గ్యాస్ బండ జోలికి మాత్రం వెళ్ళనివ్వకు. పొట్ట కండరాల వ్యాయామాలు ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్‌గారే చెప్పాలి.

నడక పది నిమిషాల చొప్పున మూడుసార్లు చేసినా సరే. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం ఉండాలి. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు పడుతోంది కాబట్టి పాదాలు తిమ్మిరెక్కుతాయి, చల్లదనం సూదుల్లా గుచ్చుతుంది. వట్టి కాళ్ళతో గచ్చుమీద నడవనివ్వకు, మడమ పట్టున్న చెప్పులు వేయించు. కీమో మందు నెమ్మదిగా ఎక్కించే చిన్న పంపు తగిలించి ఇంటికి పంపిన రెండు రోజులూ ఆ తర్వాతా ఒళ్ళు బాగా వాలిపోతుంది. ఆ రోజుల్లో వసారాలో అటూ ఇటూ తిరిగినా చాలు. పూర్తిగా మానేయడం మాత్రం వద్దు.

ఇక తిండి. పథ్యమని చారన్నం, జావ, ఇడ్లీ పెడుతున్నారటగా. వాటితో కండ నిలవదు తల్లీ. కిలో బరువుకి రోజుకి ఒక గ్రాము నుంచి గ్రామున్నర మాంసకృత్తులు కావాలి, అంటే మీ నాన్నకి 60 నుంచి 90 గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఇంచుమించు అంతే. చేప, చికెన్ తినే మనిషి, ఎందుకు మాన్పించారు? బాగా ఉడికించి పెట్టండి. గుడ్డు కూడా పూర్తిగా ఉడకాలి. వాసన పడని రోజున ముద్దపప్పు, గడ్డ పెరుగు, పెసరట్టు, మీల్‌మేకర్ కూర. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. కిడ్నీ తేడా ఉంటే మాత్రం డాక్టర్ని అడిగాకే.

కీమో అయ్యాక కూడా దీన్ని వదలకండి. పెద్దపేగు క్యాన్సర్‌కే ఆపరేషన్, కీమో ముగించుకున్న 889 మందిమీద జరిగిన పరిశోధన 2025లో వచ్చింది. శిక్షకుల సాయంతో మూడేళ్ళు వ్యాయామం చేసినవాళ్ళలో ఐదేళ్ళకి జబ్బు తిరగబెట్టకుండా బతికున్నవాళ్ళు నూటికి 80 మంది. పుస్తకాలు మాత్రమే ఇచ్చి పంపినవాళ్ళలో 74. నా ఉద్యోగం మొత్తంలో నన్ను ఇంతగా సంతోషపెట్టిన ఫలితం లేదు.

జ్వరం 100.4 దాటితే వ్యాయామం మాట మరిచిపోయి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. గుండెలో నొప్పి, కళ్ళు తిరగడం, ఒక కాలు మాత్రమే వాయడం, ఎముకలో కొత్తగా నొప్పి, వీటిలో ఏది కనపడినా ఆపేసి చూపించాలి. వచ్చే సైకిల్‌కి వెళ్ళినప్పుడు రక్త పరీక్ష కాగితం చేతిలో పెట్టుకుని మూడు విషయాలు అడుగు: ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ చూసి వ్యాయామం ఎంతవరకు చేయవచ్చు, ఎముకలకేమైనా పాకిందా, అక్కడి ఫిజియోథెరపిస్టు, డైటీషియన్ ఒకసారి చూస్తారా. ఏం చెప్పారో రాసుకుని నాకు పంపు.

మీ అత్త