మాట చెల్లని పడవలోకి మళ్ళీ వెళ్ళాలా?

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 46, ఆయనకు 52. ఉద్యోగం మానేసి మలేషియాలో ఒక పాత తెరచాప పడవ కొన్నారు, ఇద్దరం దేశాలు తిరుగుదామని. లంకావిలో 6 మీటర్ల నీళ్ళలో లంగరు వేసి 20 మీటర్ల గొలుసే వదిలారు. ఇంకొంచెం వదులుదామండీ అంటే "నీకేం తెలుసు, ఊరుకో" అన్నారు. అర్ధరాత్రి గాలివానకు లంగరు జారింది, పక్క పడవకు కొట్టుకోకుండా ఆపబోయి నా చూపుడు వేలు నలిగింది. తర్వాత చీకట్లో చేపల వల ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే, చూడలేదని నామీదే అరిచారు. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో దిగి విమానమెక్కి పుట్టింటికి వచ్చేశాను. జనవరిలో శ్రీలంకకు బయల్దేరాలి, రమ్మంటున్నారు. మొగుణ్ణి నడిసముద్రంలో వదిలేసి వచ్చిందని అత్తగారు, మళ్ళీ ఆ పడవెక్కితే నామీద ఒట్టని అమ్మ. ఇక్కడ కూడా రాత్రిపూట తలుపు కొట్టుకుంటే ఉలిక్కిపడి లేస్తున్నాను. ఏం చేయను?

జవాబు: అమ్మా, మీరు ఎవర్నీ నడిసముద్రంలో వదిలేయలేదు. పడవ ఫుకెట్‌లో ఉంది, ఆయన క్షేమంగా ఉన్నారు, దెబ్బ తగిలింది మీకు. అత్తగారి మాటకు పౌరుషపడి వెళ్ళకండి, అమ్మ ఒట్టుకు భయపడి మానుకోకండి.

గొలుసు విషయంలో మీరు చెప్పిందే కరెక్టు. నీటి లోతుకు పడవ ముక్కు ఎత్తు కలుపుకుని దానికి కనీసం ఐదు రెట్లు గొలుసు వదలాలి, గాలి పెరిగితే ఏడు రెట్లు. మీ 6 మీటర్ల లోతుకు ముక్కు ఎత్తు ఒక్క మీటరే వేసుకున్నా 35 మీటర్లు తక్కువలో తక్కువ. పొడవాటి గొలుసు అడుగున పడి ఉంటే లంగరును అడ్డంగా లాగుతుంది, అది ఇసుకలోకి ఇంకా దిగుతుంది. గొలుసు పొట్టిదైతే పైకి లాగి పెకలించేస్తుంది. పైగా మలక్కా జలసంధి వైపు 'సుమత్రాలు' అనే గాలివానలు రాత్రివేళ, తెల్లవారుజామున ఉన్నట్టుండి మీద పడతాయి. ఇక వల సంగతి. ఆ తీరమంతా వలలే, చాలావాటికి దీపం కూడా ఉండదు, ఎంత అనుభవం ఉన్నవాళ్ళైనా చీకట్లో వాటిలో చిక్కుకుంటారు. ఆ తప్పు మీ నెత్తిన వేసుకోవద్దు.

ఆయన అరుపుల్ని మాత్రం రెండు రకాలుగా విడదీసి చూడండి. లంగరు వేసేటప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనక. మధ్యలో ఇంజిన్ హోరు, గాలి, ఏ మాటా వినపడదు కాబట్టి ఎవరైనా అరుస్తారు. చాలామంది దంపతులు దీనికి చేతి సైగలు నేర్చుకుంటారు, లేదా హెడ్‌సెట్ పెట్టుకుంటారు, దాంతో సగం గొడవ పోతుంది. కానీ "నీకేం తెలుసు, ఊరుకో" అన్నది ఇంజిన్ హోరు వల్ల వచ్చిన మాట కాదు. అది ఇంట్లోనూ ఉందా, పడవెక్కాకే మొదలైందా అన్నది మీకే తెలియాలి. ఇంట్లో చీరల దగ్గరా పిల్లల చదువుల దగ్గరా ఆ మాట పడి సర్దుకుపోయి ఉండొచ్చు, సముద్రంలో అదే మాటకు వేలు నలిగింది. ఇంకొకటి సూటిగా అడుగుతున్నాను, ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నారా? చేసుకుని ఉంటే ఆ పడవెక్కొద్దు. అక్కడ బయటికి పోవడానికి గుమ్మం ఉండదు.

అలా లేదంటే, ఫోన్లో కాకుండా ఆయన్ని ఒకసారి తిరుపతి రమ్మనండి. అత్తగారు కొడుకు కోసం తలనీలాల మొక్కు మొక్కే ఉంటారు, ఆ పేరుతోనైనా వస్తారు. ఇద్దరే అలిపిరి మెట్లెక్కండి, మూడు నాలుగు గంటలు ఎవరూ మధ్యలో దూరరు. అప్పుడు చెప్పండి: గొలుసు ఇంకా వదలాలని, తెరచాప తగ్గించాలని ఇద్దరిలో ఎవరు ముందు అంటే వాళ్ళ మాటే, వాదన లేదు. రేవులో ఉండగా ఒకరు వద్దంటే బయల్దేరడం లేదు. సముద్రంలో ప్రమాదం ముంచుకొస్తే స్కిప్పర్‌గా, అంటే పడవ నడిపే పెద్దగా, ఆయన మాట మీరు వింటారు, సరే, కానీ లంగరు పడ్డాక ఆ రోజు ఏం తప్పిందో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. దీనికి ఆయన నవ్వి ఊరుకుంటే మీకు జవాబు దొరికినట్టే.

మీరూ పడవ నడపడం నేర్చుకోండి, ఆయన దగ్గర కాదు. చెన్నై హార్బర్‌లో 1911 నుంచి రాయల్ మద్రాస్ యాచ్ క్లబ్ ఉంది, శిక్షణ గురించి అడగండి. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి 2018 మేలో భూమి చుట్టి వచ్చిన మన నౌకాదళం తెరచాప పడవ ఐఎన్‌ఎస్‌వీ తారిణిలో ఆరుగురూ ఆడవాళ్ళే, వాళ్ళలో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య మన తెలుగమ్మాయిలు. "నీకేం తెలుసు" అన్నప్పుడు ఇది గుర్తుచేయండి.

జనవరి తొందర మీది కాదు. ఫుకెట్ నుంచి శ్రీలంకలోని గాలె రేవు దాదాపు 2,000 కిలోమీటర్లు, వారం పది రోజులు పగలూ రాత్రీ వంతులవారీగా కాపలా కాయాలి, నిద్ర ముక్కలవుతుంది. ఇప్పుడున్న స్థితిలో మీరు ఆ పనికి ఒప్పుకోకండి. ఆయన తెలిసినవాళ్ళను తోడు తీసుకుని రావచ్చు, మీరు విమానంలో కొలంబో వెళ్ళి గాలెలో కలవచ్చు. అదీ కుదరకపోతే పడవను మెరీనాలో, అంటే పడవలు కట్టి ఉంచే రేవులో, ఉంచొచ్చు, శ్రీలంక వైపు తీసుకెళ్ళే ఈశాన్య గాలులు వచ్చే ఏడాదీ వీస్తాయి.

రాత్రుళ్ళు ఉలికిపాటు నెల దాటినా తగ్గకపోతే రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ డాక్టర్‌ను కలవండి, దానికి వైద్యం ఉంది. వేలు పూర్తిగా ముడవగలుగుతున్నారా? లేదంటే ఈ వారమే ఎముకల డాక్టర్‌కు చూపించండి, ఆలస్యమయ్యేకొద్దీ కీలు బిగుసుకుపోతుంది.