సాక్స్‌లో వెండి, చెంచాలో వెండి

ప్రశ్న: కొత్తగా కొన్న సాక్స్ ప్యాకెట్ మీద 'సిల్వర్ నానో, 99.9% బ్యాక్టీరియా మాయం' అని రాసుంది. తెలిసినవాళ్లొకరు ఇమ్యూనిటీకి మంచిదంటూ రోజూ ఓ చెంచా కొల్లాయిడల్ సిల్వర్ (సన్నటి వెండి రేణువులు తేలే ద్రవం) తాగుతున్నారు, నన్నూ తాగమంటున్నారు. వెండి నిజంగా బ్యాక్టీరియాను చంపుతుందా? చంపేదైతే మనల్ని మాత్రం ఎందుకు వదిలేస్తుంది?

జవాబు: ముందు ఆ చెంచా పక్కన పెట్టండి, మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

చంపుతుంది, అందులో అబద్ధం లేదు. కాకపోతే చంపేది ముఖ్యంగా వెండి రేణువు కాదు, దాని నుంచి ఊడి వచ్చే అయాన్, అంటే విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువు. తేమ, ఆక్సిజన్ తగిలితే వెండి కొద్దికొద్దిగా అయాన్లను వదులుతుంది. ఈ అయాన్‌కి గంధకం అంటే మహా ప్రీతి (వెండి సామాను నల్లబడేది కూడా గంధకం వల్లే), బ్యాక్టీరియా ప్రొటీన్లలో గంధకం ఎక్కడుంటే అక్కడ అతుక్కుపోతుంది, దాంతో ఎంజైములు పడకేస్తాయి, పైపొర చిల్లులు పడుతుంది. ఆక్సిజన్ లేకపోతే అయాన్లు ఊడి రావు, అలాంటి చోట ఇవే రేణువులను ఇ.కోలై అనే బ్యాక్టీరియా మీద వదిలి చూస్తే దానికి పెద్దగా ఏమీ కాలేదు.

మరి నానో ఎందుకంటారా? ఒక సెంటీమీటరు వెండి ఘనం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లే. దాన్నే 10 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) ముక్కలుగా కోశారనుకోండి, అన్నీ కలిపి 600 చదరపు మీటర్లవుతుంది. అంత ఉపరితలం నుంచి అయాన్లు ఎంత జోరుగా వస్తాయో ఊహించుకోండి. చిక్కేమిటంటే అంత చిన్న రేణువులు ఊరికే ఉండవు, ఒకదానికొకటి అంటుకుని ముద్దకడతాయి. అందుకే వాటిని కైటోసాన్ (రొయ్యల, పీతల పెంకుల నుంచి తీసే పదార్థం), టైటానియం డయాక్సైడ్, యాక్టివేటెడ్ కార్బన్, ప్లాస్టిక్ లాంటి వాటిలో ఇరికిస్తారు. నానోకాంపోజిట్ అంటే ఇదే. బాగా చేస్తే వెండి కదలకుండా ఉండి అయాన్ మాత్రం నెమ్మదిగా బయటికొస్తుంది, సరిగ్గా చేయకపోతే నాలుగు ఉతుకులకే వెండి నీళ్లపాలు. మీ సాక్స్ ఏ రకమో ప్యాకెట్ చూసి చెప్పలేం, అసలు సంగతి అక్కడ రాయరు.

ఇక ఆ 99.9% అంకె. పది లక్షల బ్యాక్టీరియాలో ఇంకా వెయ్యి మిగిలాయని దానర్థం, అనుకూలిస్తే అవి 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. పైగా అది ల్యాబ్‌లో వచ్చిన లెక్క. చెమటలో క్లోరైడ్ ఉంటుంది, అది అయాన్లను పట్టేసుకుని సగం పని చెడగొడుతుంది.

మనల్ని వదిలేస్తుందా అన్నారు కదా, పూర్తిగా వదలదు. మోతాదు పెరిగితే మన కణాలకూ అదే గతి. కాలిన గాయాల మీద వాడే వెండి మందులు ఇన్ఫెక్షన్ ఆపుతాయి కానీ, కొత్త చర్మం వచ్చేది ఆలస్యం కావచ్చు, కాబట్టి గాయం శుభ్రపడ్డాక డాక్టర్లు వాటిని మానిపిస్తారు. సాక్స్ విషయానికొస్తే చెక్కుచెదరని చర్మం గుండా లోపలికి వెళ్లేది బాగా తక్కువ, టెన్షన్ అక్కర్లేదు. పొడిగా పీల్చడం, స్ప్రే కొట్టుకోవడం మాత్రం వేరే సంగతి, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు.

తాగడం దగ్గరికొస్తే, నెలలు, ఏళ్లు తాగితే వెండి చర్మంలో పేరుకుని, వెలుతురు తగిలి పాత ఫొటో ఫిల్మ్‌లా నల్లబడుతుంది. మనిషి నీలిబూడిద రంగుకి తిరుగుతాడు. దీన్ని ఆర్జిరియా అంటారు, తాగడం మానేసినా ఆ రంగు పోదు. థైరాయిడ్ మాత్రలు, కొన్ని యాంటీబయాటిక్స్ ఒంటికి పట్టకుండా కూడా అడ్డుపడుతుంది. కొల్లాయిడల్ సిల్వర్ ఏ జబ్బుకూ సురక్షితమని గానీ, పనిచేస్తుందని గానీ ఆధారం లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది. మీవాళ్లు థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లయితే ఈ సంగతి ఇవాళే చెప్పండి.

ప్రశ్న: వెండికి బ్యాక్టీరియా అలవాటు పడదంటారు, నిజమేనా?

జవాబు: పడుతుంది. 1975లోనే ఒక ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో వెండికి లొంగని సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా దొరికింది. వెండిని బయటికి తోసేసే జన్యువులు దానికి ఉన్నాయని తర్వాత తెలిసింది. గాయాలకూ క్యాథెటర్లకూ (రోగి ఒంట్లోకి పెట్టే గొట్టాలు) పనికొచ్చే వెండిని సాక్స్‌లకూ చీపుళ్లకూ పూయడం నాకు నచ్చనిది అందుకే.